ఒక బొమ్మ, రెండు పోలీసు కాపలాలు

ఒరేయ్ శీనూ,

జవాబు రాయలేదని తిట్టుకుంటూ ఉంటావు. తిట్టుకో. వారం నుంచి ఒక్క బొమ్మ పట్టుకుని కూర్చున్నా.

1869 డిసెంబరు 4న లండన్‌లో ‘ది గ్రాఫిక్’ అనే వారపత్రిక మొదలైంది. తొలి సంచికలోనే వచ్చిందీ బొమ్మ. పేరు ‘హౌస్‌లెస్ అండ్ హంగ్రీ’. గీసినవాడు ల్యూక్ ఫైల్డ్స్, పాతికేళ్లు దాటిన కుర్రాడు. మంచు రాత్రి, పోలీసు స్టేషను గోడవార జనం ముడుచుకుని నిలబడ్డారు. స్టేషనులో చీటీ దొరికితే వర్క్‌హౌస్‌లో, అంటే దిక్కులేని బీదవాళ్లని పెట్టే ఇంట్లో, ఆ ఒక్క రాత్రికి చోటు, ఇంత రొట్టె. ఊరికే కాదురోయ్, బదులుగా రాళ్లు కొట్టాలి, లేదంటే పాత ఓడతాళ్లు పీచుపీచుగా విప్పాలి. వాళ్ల వెనక గోడమీద పోస్టర్లున్నాయి చూడు: తప్పిపోయిన కుక్కని తెచ్చిస్తే 20 పౌన్లు, ఎవరో వదిలేసి పోయిన బిడ్డ సంగతి చెబితే 2 పౌన్లు. అక్కడికొచ్చాక నాకు ముందుకు వెళ్ళబుద్ధి కాలేదు.

మీ నాన్నగారి ప్రెస్సులో శుభలేఖల కోసం వినాయకుడి బ్లాకు ఉండేది, గుర్తుందా? ఇదీ అదే తంతు. బాక్స్‌వుడ్ అని రాయిలాంటి కర్ర. దానిమీద బొమ్మ గీస్తే, గీత ఉన్నచోటు వదిలేసి తక్కినదంతా చెక్కేస్తారు. అక్షరాలతో సమంగా ఎత్తు ఉంటుంది గనక ఒకే దెబ్బకు రెండూ అచ్చయిపోతాయి. ఆ చెట్టు లావెక్కదు. పెద్ద బొమ్మయితే చిన్నచిన్న ముక్కలు బోల్టులతో బిగించి దిమ్మె చేసేవాళ్లు. పత్రిక పెట్టిన విలియం లూసన్ థామస్ కూడా ఆ చెక్కే పనివాడే.

ఈ బొమ్మ చూసే డికెన్స్ తన ఆఖరి నవలకి బొమ్మలు గీయడానికి ఫైల్డ్స్‌ని పెట్టుకున్నాడు. చిత్రకారుడు వాన్‌గో సంగతి చెప్పనే అక్కర్లేదు, 1883లో చేతిలో డబ్బుల్లేకుండానే గ్రాఫిక్ పాత సంపుటాలు 21 కొనేశాడు. (నువ్వు కెమెరా కొన్నట్టు.)

అసలు సంగతి ఇప్పుడు వినరా. ఇదే దృశ్యాన్ని ఫైల్డ్స్ పెద్ద రంగుల పటంగా వేసి 1874లో లండన్ రాయల్ అకాడమీ చిత్రప్రదర్శనలో పెట్టాడు. జనం ఎగబడ్డారు. పటం ముందు కటకటాలు కట్టి, ఒక పోలీసుని కాపలా పెట్టాల్సొచ్చింది. పటం లోపల ఒక పోలీసు, బయట ఒక పోలీసు!

ఆ వినాయకుడు ఇంకా ఉన్నాడా? పాత సామాన్లవాడికి వేసేయకు. సంక్రాంతికి వస్తున్నా, ఓసారి సిరా పూసి అచ్చు తీద్దాం.

నీ
రాంబాబు