మోకాలి ఎంఆర్‌ఐ కొన్నాళ్లు మా దగ్గర తీయం

హనుమకొండలోని మా క్లినిక్‌కు ఏళ్లుగా వస్తున్నవారికీ, నర్సంపేట, పరకాల, జనగామ, ములుగు నుంచి పేషెంట్లను పంపే డాక్టర్లకూ తెలియాలని రాస్తున్నాం. మోకాలి స్కాన్లు ఆపేశాం. నడుము, మెడ, భుజం ఎప్పటిలాగే తీస్తున్నాం. మాగ్నెట్‌కు ఏమీ కాలేదు, పాడైంది మోకాలి కాయిల్.

కాయిల్ అంటే మోకాలికి తొడిగే ప్లాస్టిక్ డబ్బా. లోపలి రాగి చుట్లు ఒంట్లోంచి వచ్చే సన్నని సిగ్నల్‌ను పట్టుకుంటాయి. మాది ఓపెన్ మెషిన్, అంటే గొట్టంలా మూసి ఉండనిది. దాని అయస్కాంత బలం 0.3 టెస్లాయే, సిగ్నల్ అసలే తక్కువ. అందుకే ప్రతి సోమవారం పొద్దుగాల, మొదటి పేషెంట్ రాకముందే, మనిషి బదులు ద్రావణం నింపిన ఫాంటమ్ బాటిల్ పెట్టి, నాయిస్‌కు (బొమ్మను గరుకు చేసే రొదకు) సిగ్నల్ ఎన్ని రెట్లుందో కొలుస్తాం. మొన్న ఆ అంకె మూడో వంతు పడిపోయింది, బొమ్మ ఒక పక్క నల్లబడింది. ప్లగ్ దగ్గర, వైరు వంగే చోట, లోపలి తీగ తెగింది. రోజూ పదిసార్లు పెట్టి తీసే ప్లగ్‌కు వచ్చే జబ్బే ఇది.

కాయిల్స్‌తో కలిపి ఏఎంసీ (ఏడాది నిర్వహణ ఒప్పందం) కడుతున్నాం. అయినా సప్లయర్ అన్న మొదటి మాట, "మీ టెక్నీషియన్లు వైరు పట్టి లాగారు" అని. అది మాకు ఇంకా మింగుడుపడలేదు. మా పిల్లలు ప్లగ్ పట్టుకుంటారే తప్ప వైరు లాగరు, కాయిల్‌ను టేబుల్ అంచున వేలాడనివ్వరు. తర్వాత మూడుసార్లు తేదీ మార్చి, కొత్తదంటూ ఒకటి పంపారు. దాని పిన్నులు అరిగి ఉన్నాయి, డబ్బా అతుకు దగ్గర రెండోసారి పూసిన జిగురు కనిపిస్తోంది. బాటిల్ పరీక్షలో పాత కాయిల్ బాగున్ననాటి అంకెలో ముప్పావు కూడా రాలేదు. తిప్పి పంపాం. "ఇంకోటి వచ్చేదాకా దాంతోనే నడిపించండి" అని ఫోన్లు వస్తూనే ఉన్నాయి. నడిపించం.

వరంగల్‌లో ఇన్ని ఎంఆర్‌ఐలున్నాయి, వాళ్ల కాయిల్ అడిగి తెచ్చుకోరాదా అన్నారు కొందరు. 1.5 టెస్లా మెషిన్ కాయిల్ దాదాపు 64 మెగాహెర్ట్జ్‌కు ట్యూన్ అయి ఉంటుంది, మాది 12.8కి. పైగా మా మెషిన్‌లో అయస్కాంత క్షేత్రం నిలువుగా ఉంటుంది, గొట్టం మెషిన్‌లో పడుకున్న మనిషి పొడవునా ఉంటుంది. అక్కడిది ఇక్కడ పనికిరాదు.

నిద్ర పట్టనివ్వని ప్రశ్న వేరే ఉంది. నడుముకు చుట్టే బెల్టు కాయిల్‌నే మోకాలికి చుట్టి తీయొచ్చు కదా? చుట్టి చూశాం. పెద్ద కాయిల్ నాయిస్ ఎక్కువ పట్టుకుంటుంది, బొమ్మ గరుకుగా వచ్చింది. సగానికి పడిన నాణ్యతను తిరిగి తేవాలంటే ఒక్కో సీక్వెన్స్ (స్కాన్‌లో ఒక విడత) నాలుగింతల సేపు నడవాలి. 6 నిమిషాలది 24 అవుతుంది. నొప్పి ఉన్న మోకాలు అంతసేపు కదలకుండా ఉండదు. మోకాలి లోపలి లిగమెంట్ ఏసీఎల్ పూర్తిగా తెగితే ఆ బొమ్మలోనూ తెలియొచ్చు, మెనిస్కస్‌లో (ఎముకల మధ్య మెత్తలో) సన్న చీలిక, కార్టిలేజ్ (ఎముక చివరి మృదులాస్థి) పగులు మాత్రం మసకలో కలిసిపోతాయి. చీలిక ఉన్న మోకాలికి నార్మల్ అని రాసివ్వడం మావల్ల కాదు. మెషిన్ కిస్తీ ఆగదు, రాబడి తగ్గింది, అయినా నాలుగు రాత్రులు లెక్కలేసి ఆపడమే ఖాయం చేసుకున్నాం.

అంకె బాగున్న ఆఖరి సోమవారం తర్వాత తీసిన మోకాళ్లన్నీ రేడియాలజిస్టు మళ్లీ చూశారు. అనుమానం ఉన్నవారికి ఫోన్ చేశాం. వారి డబ్బు వాపస్, 1.5 టెస్లాలో మళ్లీ తీయించే ఖర్చూ మాదే.

మోకాలు లాక్ అయి చాచలేకపోతున్నా, ఆటలో దెబ్బ తగిలి గంటల్లోనే వాచినా, మా కాయిల్ కోసం ఆగకండి. గొట్టం మెషిన్ అంటే భయపడేవారికి ఒక మాట: మోకాలి స్కాన్‌కు కాళ్ల వైపు నుంచి లోపలికి పంపుతారు, తల గొట్టం అంచునో బయటో ఉంటుంది. పేస్‌మేకర్, మెదడులో క్లిప్పు ఉంటే మాత్రం ముందే చెప్పాలి. అరవై దాటినవారి అరుగుదల నొప్పికి చాలాసార్లు నిలబెట్టి తీసిన ఎక్స్‌రే చాలు, ముందు అది తీయించండి.

సరైన కాయిల్ వచ్చి, వరుసగా మూడు రోజులు బాటిల్ పరీక్ష నెగ్గితేనే మోకాళ్లకు అపాయింట్‌మెంట్లు ఇస్తాం. ఆ అంకెలు రిసెప్షన్ గోడకు అంటిస్తాం. ముందే డబ్బు కట్టినవారు రశీదు తెస్తే అదే రోజు తిరిగిస్తాం.