తుమ్మికూర కోసే గట్టు మీద గడ్డిమందు వద్దు

సంపాదకుడు గారికి నమస్కారం.

మొన్నటి వినాయక చవితికి రెండు మూడు రోజుల ముందు మా దగ్గరి ఒక పంచాయతీలో ఊరంతా శుభ్రం చేయించారు. ట్యాంకు వీపుకు తగిలించుకున్న మనిషి రోడ్డు పక్కన, మురికి కాలువ ఒడ్డున, చెరువు కట్టకెక్కే బాట పొడుగునా గడ్డిమందు కొట్టుకుంటూ పోయాడు. పండగ నాడు పొద్దున్నే అదే ఒడ్డున ఆడవాళ్లు వంగి, ఆ రోజు వండుకునే తుమ్మికూర ఆకు కోస్తున్నారు. అక్కడ మందు కొట్టారని వాళ్లకు చెప్పినవాళ్లు లేరు. చూసి తెలుసుకుందామన్నా వీలు కాదు.

ఎందుకంటే గ్లైఫోసేట్ రకం మందు పడిన మొక్క ఆ రోజే మాడిపోదు. మందు ఆకులోకి ఇంకి, రసంతో పాటు వేరు దాకా దిగి, మొక్కను మెల్లగా చంపుతుంది. ఆకు పసుపు తిరగడానికే నాలుగైదు రోజులు, ఒక్కోసారి వారం పడుతుంది. అప్పటిదాకా మొక్క పచ్చగా, లేతగా కోయబుద్ధి అయ్యేలాగే ఉంటుంది. లోపలికి దిగిన మందు కడిగితే పోదు, ఉడికిస్తే విరగదు. పారాక్వాట్ అనే మరో గడ్డిమందు అయితే ఒక్క రోజులోనే ఆకు కాలినట్టవుతుంది కాబట్టి కనీసం కంటికి కనిపిస్తుంది. ఆ మందు ఎంత ప్రాణాంతకమో పల్లెల్లో వేరే చెప్పక్కర్లేదు.

మన దేశంలో గ్లైఫోసేట్‌కు అనుమతి ఉన్నది తేయాకు తోటలకు, పంట లేని జాగాలకు. రోడ్డు పక్క గట్టు పంట లేని జాగానే కదా అని ఎవరైనా అనవచ్చు. కాగితం మీద అంతే. కానీ దక్షిణ తెలంగాణలో పంట లేని గట్టు కూడా తిండి పెడుతుంది. తుమ్మి, గునుగు, తుమ్మితో పాటు మొలిచే అడవి తోటకూర, పొన్నగంటి, వీటిలో దేనికీ పట్టా లేదు, పాస్‌బుక్ లేదు, కాబట్టి లెక్కలోకి రావు.

చవితి పూజలో పెట్టే 21 పత్రుల్లో తుమ్మి పేరు లేదు. పీట మీద లేకపోయినా ఆ రోజు పొయ్యి మీద మాత్రం ఉండాల్సిందే. నల్గొండ, పాలమూరు ఇళ్లలో కుడుములు, ఉండ్రాళ్ల పక్కన పెసరపప్పు వేసి వండిన తుమ్మికూర లేనిదే పండగ పూర్తయినట్టు కాదు. కాస్త చేదు, కాస్త ఘాటు. ఏడాదికోసారి తింటాం కాబట్టి ఆ చేదే రుచి. ఆ ఒక్క రోజు కోసం మార్కెట్లో కట్టలు కట్టి అమ్ముతారు. ఏ గట్టు మీద కోశారని కొనేవాళ్లు అడగరు, అడిగినా అమ్మేవాళ్లకు తెలియదు.

వెనుక ఈ కూర చేన్లోంచే వచ్చేది. జొన్న, కంది చేన్లలో కలుపు తీసే ఆడవాళ్లు తుమ్మిని వేరు చేసి కొంగులో కట్టుకుని ఇంటికి తెచ్చేవారు. ఇప్పుడు చెల్కలన్నీ పత్తి. కైకిలి ఖర్చు భరించలేక రైతు మందు కొడుతున్నాడు. అతన్ని తప్పుపట్టడం నాకు చేతకాదు, కలుపు తీయించే కూలి ఎంతో నాకూ తెలుసు. బత్తాయి తోటల్లో పాదుల చుట్టూ కూడా ఇదే కథ. అందుకే తుమ్మి ఊరి గట్లకు, కట్టలకు, బడి గోడల వెంబడికి చేరింది. ఇక మిగిలింది ఆ కాస్త జాగానే, దాని మీద పెత్తనం పంచాయతీది, మున్సిపాలిటీది. నా ఫిర్యాదు కూడా వాళ్లతోనే.

నేను బడిలో జీవశాస్త్రం చెబుతాను. పిల్లల్లో సగం మందికి తుమ్మి పేరు తెలుసు, మొక్క తెలియదు. అందుకని గుర్తులు కొంచెం వివరంగా రాస్తున్నాను, మీ పత్రిక చదివే తల్లిదండ్రులకూ పనికొస్తాయి. తుమ్మి మామూలుగా మోకాలెత్తు దాటదు. కాండాన్ని రెండు వేళ్ల మధ్య పట్టుకుని తిప్పితే నాలుగు పలకలు తగులుతాయి, తులసికి ఉన్నట్టే. ఇదీ తులసి కుటుంబపు మొక్కే, శాస్త్రనామం ల్యూకాస్ ఆస్పెరా. ఒంటి నిండా గరుకు నూగు. ఆకులు సన్నగా, పొడుగ్గా, మొద్దు అంచులతో ఎదురెదురుగా జతగా వస్తాయి. నలిపితే ఘాటు వాసన ముక్కుకు తగలాలి. తగలకపోతే అది తుమ్మి కాదు. పూలు కొమ్మ చివరా, కణుపుల చుట్టూ గుత్తులుగా, తెల్లగా పూస్తాయి. ఒక్క పూవు లాగి చూడండి. పై పెదవి చిన్నది, దాని మీద తెల్లటి నూగు దూది అంటించినట్టు ఉంటుంది. కింది పెదవి వెడల్పుగా పరుచుకుని ఉంటుంది. తేనెటీగ వాలేది దాని మీదే. అది తల లోపలికి దూర్చినప్పుడు పై పెదవి కింద దాగిన కేసరాలు దాని వీపుకు పుప్పొడి రాస్తాయి. పూవు అడుగున చీకితే తియ్యగా ఉంటుంది, ఆ సంగతి పశువులు కాసిన పిల్లలందరికీ తెలుసు.

తడబడేది ఎక్కువగా మదనగంటి దగ్గర. అదీ గట్ల మీదే, అదే కాలంలో వస్తుంది. కాండం పలకలుగానే ఉంటుంది, ఆకులు ఎదురెదురే, పూలు కణుపుల్లోనే. కానీ పూవుకు పెదవులుండవు, నాలుగు రెక్కలు సమానంగా విచ్చుకుని ఉంటాయి, ఆకు నలిపినా ఘాటు రాదు. పూలు బంతిలా గుండ్రటి గుత్తిగా వస్తే అది పెద్ద తుమ్మి, అదీ కూరకు పనికొచ్చేదే. పూత రాకముందు కోసేవాళ్లు మాత్రం తెలిసినవాళ్లకు చూపించుకోవడం మేలు. జడ్చర్ల ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో తెలంగాణ బొటానికల్ గార్డెన్ ఉంది. అలాంటి చోట శ్రావణంలో ఒక పూట ఇలాంటి గట్టు మొక్కలను గుర్తుపట్టడం నేర్పిస్తే చుట్టుపక్కల బడులన్నీ పిల్లలను పంపుతాయి.

ఇక పెంచడం. 2018 పంచాయతీరాజ్ చట్టం వచ్చాక ప్రతి ఊరికీ నర్సరీ ఉంది, తర్వాత పల్లె ప్రకృతి వనాలు వచ్చాయి. వాటిలో ఎక్కడి నుంచో తెచ్చిన మొక్కలెన్నో పెంచాం. కోనోకార్పస్ రోడ్ల వెంట వరసలు కట్టి పెట్టి, తర్వాత వద్దనుకున్నాం. తుమ్మికి సంచి అక్కర్లేదు, ఎరువు అక్కర్లేదు, ట్యాంకర్ నీళ్లు అక్కర్లేదు. వర్షాకాలం పోయి మొక్క ఎండే సమయంలో గుత్తులు గోధుమ రంగుకు తిరుగుతాయి. వాటిని కోసి గుడ్డ మీద దులిపితే సన్నటి గింజలు రాలతాయి, ఒక్కో పూవుకు నాలుగు. కాగితపు పొట్లంలో, తడి తగలని చోట దాచాలి. తొలకరి పడ్డాక మెత్తటి ఇసుకలో కలిపి, ఎండ బాగా తగిలే ఎర్ర నేల మీద పలచగా చల్లాలి. మట్టి కప్పకుండా చేత్తో ఒత్తితే చాలు, లోతుగా పడితే అంత సన్న గింజ పైకి రాలేదు. నీళ్లు నిలిచే చోటు, చెట్టు నీడ పనికిరావు. వానలు సరిగ్గా పడితే చవితికి కూర అందుతుంది. మొక్కను పీకకుండా చివర్లు తుంపుకోవాలి, సగం మొక్కలను గింజకు వదలాలి. ఒక్కసారి నిలదొక్కుకుంటే మరుసటేడు మన పని లేకుండానే మొలుస్తుంది. ప్రకృతి వనంలో ఒక మూల రెండు గుంటల జాగా దీనికి వదిలి, "ఇక్కడ మందు కొట్టలేదు" అని బోర్డు పెడితే ఊరికి సరిపడా కూర వస్తుంది, తేనెటీగలకు మేతా దొరుకుతుంది. చలికాలంలో పూతకొచ్చే తోటలకు ఆ ఈగలే దిక్కు.

పనిలో పనిగా ఇంకొక్క మాట. తుమ్మి పసరు పాము కాటుకు విరుగుడని, కామెర్లకు కంట్లో పోస్తారని మన పల్లెల్లో ఇంకా చెబుతారు. కూరగా తినడం వేరు, ఇది వేరు. పాము కరిస్తే పసరు కోసం గట్ల వెంట తిరగడం కాలం పోగొట్టుకోవడమే, నేరుగా ఆసుపత్రికి పోయి విరుగుడు ఇంజెక్షన్ వేయించుకోవాలి. కంట్లో పసరు పోయించుకుంటే ఉన్న చూపు దెబ్బతినే ప్రమాదం ఉంది.

జిల్లా పంచాయతీ అధికారులను నేను కోరేది పెద్దదేమీ కాదు. శ్రావణం మొదలైనప్పటి నుంచి చవితి దాటేవరకు ఊరి గట్లు, కాలువ ఒడ్లు, చెరువు కట్టల మీద గడ్డిమందు కొట్టొద్దని పంచాయతీ కార్యదర్శులకు ఒక ఉత్తర్వు ఇవ్వాలి. శుభ్రం చేయాల్సి వస్తే కొడవలితో, గడ్డి కోసే మిషన్‌తో చేయించాలి. వయ్యారిభామ కలుపును పూత రాకముందే, వాన పడి నేల మెత్తబడినప్పుడు, చేతికి తొడుగు వేసుకుని వేళ్లతో సహా పీకించాలి. ఎక్కడైనా మందు తప్పదంటే ముందు రోజు డప్పు వేయించి, కొట్టిన చోట ఎర్ర గుడ్డ కట్టించాలి. గింజలు రాలే రోజులు దగ్గరికొస్తున్నాయి కాబట్టి వచ్చే తొలకరికి విత్తనం దాచే పనిని ఈ కార్తీకంలోనే నర్సరీల్లో పనిచేసేవాళ్లకు అప్పగించాలి.

ఇట్లు
ఒక ఉపాధ్యాయురాలు
దేవరకొండ, నల్గొండ జిల్లా