పాత కార్లకు ఈఎస్‌సీ కొనేముందు

అందరికీ నమస్కారం. టామియా హార్నెట్, గ్రాస్‌హాపర్ లాంటి 1984 నాటి రిమోట్ కంట్రోల్ బొమ్మ కార్లతో రేసుకు దిగేవాళ్లు చవకలో ఏ ఈఎస్‌సీ (మోటార్ వేగాన్ని నియంత్రించే ఎలక్ట్రానిక్ స్పీడ్ కంట్రోలర్) మంచిదని అడుగుతున్నారు.

పెట్టె మీద ఆంపియర్లు ఎంత పెద్దగా రాసినా వాటిని చూసి కొనకండి. మోటార్ టర్న్ లిమిట్ చూడండి, అంటే ఈఎస్‌సీ కనీసం ఎన్ని టర్న్‌ల (మోటార్ లోపల తీగ చుట్ల) మోటార్‌ని తట్టుకుంటుందో. టర్న్‌లు తగ్గేకొద్దీ మోటార్ కరెంటు ఎక్కువ లాగుతుంది. మామూలు సిల్వర్ క్యాన్ 540 (వెండి రంగు డబ్బా ఉన్న సాధారణ మోటార్) సుమారు 27 టర్న్‌లు, దానికి టామియా టీబీఎల్ఈ-02ఎస్ ఈఎస్‌సీ చాలు. బ్రష్డ్ (లోపల కార్బన్ బ్రష్‌లుండే పాత రకం) మోటార్లలో దాని హద్దు 25 టర్న్‌లు, అంతకంటే తక్కువ వద్దు. కానీ లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీకి తగిన కటాఫ్, అంటే ఛార్జ్ మరీ తగ్గకముందే మోటార్‌ని ఆపే ఏర్పాటు, అందులో లేదు, నికెల్ బ్యాటరీతోనే వాడండి.

లైపో వాడేవాళ్లకు నా ఓటు హాబీవింగ్ క్విక్‌రన్ 1060కే. 2ఎస్ (రెండు సెల్‌ల) లైపోతో 12 టర్న్‌లకు తగ్గని మోటార్లను తట్టుకుంటుంది, 3ఎస్ (మూడు సెల్‌లు) అయితే 18కి తగ్గకూడదు. దాని పక్కన రెండు బుల్లి జంపర్లుంటాయి (సెట్టింగ్ మార్చడానికి పిన్‌ల మీద పెట్టే చిన్న క్లిప్‌లు). ఒకటి బ్యాటరీ రకానికి, దాన్ని లైపో వైపు పెట్టారో లేదో రెండుసార్లు చూసుకోండి. నికెల్ వైపు ఉండిపోతే కటాఫ్ బాగా ఆలస్యమై ప్యాక్ పాడవుతుంది. రెండోదాన్ని రేసు రోజు ముందుకు-బ్రేక్ మోడ్‌లో పెడితే రివర్స్ గొడవ ఉండదు. ట్రాన్స్‌మిటర్ ముందు ఆన్ చేసి, ట్రిగ్గర్ వదిలేసి, తర్వాతే ఈఎస్‌సీ ఆన్ చేయండి.

బ్రష్‌లెస్ (బ్రష్‌లు లేని, ఎక్కువ శక్తి ఇచ్చే) మోటార్ మాత్రం వద్దు, దయచేసి. నలభై ఏళ్ల గేర్‌బాక్స్ ప్లాస్టిక్ ఆ టార్క్‌కి ఆగదు. ఈఎస్‌సీ పెట్టేందుకు కారులోంచి తీసేసిన పాత మెకానికల్ స్పీడ్ కంట్రోలర్‌ని పారేయకండి, అసలు భాగాలకు అడిగేవాళ్లున్నారు.

మీ మోటార్ టర్న్‌లు, బ్యాటరీ రకం ఇక్కడ రాయండి, చూసి చెప్తాను.