"బాగుంది" అంటే సరిపోదు: ఫోటోల క్లాసు గురించి

తల్లిదండ్రులకు నమస్కారం.

సంక్రాంతి సెలవుల తర్వాత శనివారం ఫోటోల క్లాసు మళ్ళీ మొదలైంది. మొన్న బడికి వచ్చిన కొందరు తల్లులు నన్ను నిలదీసినంత పని చేశారు. "పిల్లల ఫోటోలకి తోటి పిల్లల చేత వంకలు పెట్టించడం ఏంటండీ? టీచరు గారే చూసి మార్కులు వేస్తే పోలేదా?" అని. ఒక నాన్నగారు, ఆ రోజు వాళ్ళబ్బాయి ముఖం ముడుచుకుని అన్నం దగ్గర కూడా మాట్లాడలేదని చెప్పారు. ఆ అబ్బాయి ఎవరో, అతనిది ఏ ఫోటోనో ఇక్కడ రాయను. అతనితో విడిగా కూర్చుని మాట్లాడాం. అడిగిన ప్రశ్న మాత్రం అందరిదీ కాబట్టి ఈ నెల ఉత్తరం దాని మీదే.

సెలవుల్లో తీసినవాటిలోంచి ఒక్కొక్కరు ఒక్క ఫోటో ఇస్తారు. ప్రింటు తీయించి, వరండాలో తాడు కట్టి క్లిప్పులతో వేలాడదీస్తాం. కింద నంబరే తప్ప పేరు ఉండదు. పేరు తెలిస్తే పిల్లలు ఫోటోని చూడరు. జట్టువాడిదైతే "సూపర్ రా", పడనివాడిదైతే "చెత్త". ఈ రెండు మాటలూ కళ్ళు మూసుకుని కూడా అనొచ్చు. అందుకే మా సైన్సు టీచరు గారు ముందు ఒకటే అడుగుతారు: ఇందులో నీకు ఏం కనిపిస్తోంది?

ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకరు ఆత్రేయపురంలో చుట్టాలింటికి వెళ్ళి పూతరేకులు తీస్తుంటే ఫోటో తీసింది. మంట మీద బోర్లించిన కుండ, పక్కన పిండి నీళ్ళ గిన్నె. గుడ్డ తడిపి కుండ మీద పరిచి లాగగానే తేలిన రేకుని ఒక పెద్దావిడ రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నారు. అందరూ "బాగుంది" అన్నారు. ఏది బాగుంది అని అడిగితే కాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరికి ఒక పిల్లవాడు, "రేకులోంచి ఆవిడ వేళ్ళు కనిపిస్తున్నాయండి" అన్నాడు. ఫోటో ఎవరిదో అప్పుడే తెలిసిపోయింది, ఆ పిల్ల ముఖం అంతలా వెలిగింది. తను పట్టుకోవాలనుకున్నది సరిగ్గా అదేనట.

వెంటనే ఇంకో అమ్మాయి, "కానీ రేకు తెల్లగా లేదు, బూడిద రంగులో ఉంది" అంది. ఇది వంక కాదు, మంచి పాఠం. కెమెరా వెలుతురుని కొలిచేటప్పుడు ఎదురుగా ఉన్నదంతా కలిపి ఓ మోస్తరు వెలుగే ఉంటుందనుకుంటుంది. తెల్లటిది ఎక్కువగా కనిపిస్తే వెలుగు మరీ ఎక్కువైందని తగ్గించేస్తుంది. కోటిపల్లి రేవులో గోదారి దాటించే పంటు మీద నుంచి తీసిన మంచు ఫోటో, ముగ్గుల ఫోటోలు కూడా అలాగే నల్లబడ్డాయి. చాలా ఫోన్లలో ఆ తెల్లటి చోట వేలు పెట్టి తాకితే చిన్న సూర్యుడి గుర్తు వస్తుంది. దాన్ని కొంచెం పైకి జరిపితే చాలు. పదికి ఏడు మార్కులు వేసి పంపిస్తే ఆ పిల్లకి ఈ సంగతి తెలిసేదా?

ఇక వెటకారం. మన గోదావరి జిల్లాల్లో పుట్టి అది లేకుండా మాట్లాడమంటే ఎవరి తరం? అంతర్వేది ఫోటో ఒకటి చూసి ఏడో తరగతి పిల్లవాడు, "గోదారి ఓ పక్కకి ఒలికిపోతోందండి, ఆయ్" అన్నాడు. క్లాసంతా గొల్లున నవ్వింది. నిజం చెప్పాలంటే నాకూ నవ్వొచ్చింది. ఫోన్ వంకరగా పట్టుకుంటే మన దగ్గర ఇట్టే దొరికిపోతుంది. కొండలా గుట్టలా దాచడానికి? నది, చేలు, కాలువ అన్నీ చదునే. పోనీ కొబ్బరిచెట్టుని చూసి సరిచేద్దామంటే అదే వాలి ఉంటుంది. అందుకని కెమెరా సెట్టింగుల్లో గ్రిడ్ గీతలు పెట్టుకుని, నీటి అంచుని ఆ గీతకి కలపమని చెప్పాం. గోదారి మీద జోకు వేయొచ్చు, తీసినవాళ్ళ మీద వేయకూడదు. వేసినవాడు ఆ వెంటనే ఏం చేస్తే బాగుపడుతుందో కూడా చెప్పాలి. ఇప్పుడు ఇదే పద్ధతి.

చెప్పే సలహా అక్కడ కుదిరేదై ఉండాలన్నది కూడా పిల్లలే తేల్చారు. కనుమ రోజు గంగలకుర్రు ప్రభని (వెదురుతో ఎత్తుగా కట్టి, అలంకరించి, దేవుడి పేరున భుజాల మీద మోసేది) కౌశిక కాలువ దాటిస్తుంటే తీసిన ఫోటోలో ప్రభ వెనక్కి పడిపోతున్నట్టు వచ్చింది. మరీ దగ్గర నుంచి ఫోన్ పైకెత్తి తీస్తే అంతే. "వెనక్కి వెళ్ళి తీయాల్సింది" అన్నారు. "కాలు పెట్టే సందు ఎక్కడుంది, జనం తోస్తుంటే?" అన్నాడు తీసినవాడు. అప్పుడు ఒక అమ్మాయి, ప్రభ మొత్తం రాకపోయినా ఫర్వాలేదు, నీళ్ళలో దిగి మోస్తున్నవాళ్ళ భుజాలూ ముఖాలూ తీయమంది. ఆ మాట నాకు చాలా నచ్చింది.

ఒక ఫోటోని మాత్రం తాడు మీద నుంచి తీసేశాం. రేవులో బట్టలు ఉతుకుతున్న ఆవిడ, నీళ్ళ మీద పొద్దుటి ఎండ. ఫోటోగా చూస్తే అన్నిట్లోకీ అదే ముందుండేది. "ఆవిడని అడిగావా?" అని పదో తరగతి అమ్మాయి అడిగింది. అడగలేదు. ఇంట్లో మీరు కూడా ఈ విషయం గట్టిగా చెప్పండి, ముఖ్యంగా ఆడవాళ్ళ ఫోటోలు, చిన్నపిల్లల ఫోటోలు స్టేటస్‌లో పెట్టే ముందు.

పిల్లలు ఫోటో చూపిస్తే "సూపర్" అని ఫోన్ తిరిగి ఇచ్చేయకండి. ఏం చూపిద్దామనుకున్నావని అడగండి. పెద్ద కెమెరా ఉన్న బావతోనో అన్నయ్యతోనో పోల్చకండి. కొత్త కెమెరా కొనమని పేచీ పెడితే నా పేరు చెప్పి వద్దనండి.

వచ్చే నెల రెండో శనివారం బడికి సెలవు కాబట్టి మూడో శనివారం మధ్యాహ్నం 2.30కి ఫోటోలు వేలాడదీస్తాం. మీరూ రావచ్చు, ఉత్తి "బాగుంది" మాత్రం మీక్కూడా చెల్లదు. బాగా కుదిరినవి ఆగస్టు 19 కోసం దాస్తున్నాం. డాగెరోటైప్ అనే తొలినాటి ఫోటో పద్ధతిని 1839లో ఫ్రాన్స్‌లో లోకానికి వెల్లడించింది ఆ తేదీనే కాబట్టి అది ప్రపంచ ఫోటోగ్రఫీ దినోత్సవం అయింది. ఫోటోలు గురువారంలోగా క్లాసు టీచరుకి పంపండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే సైజు తగ్గిపోయి ప్రింటు మసకగా వస్తోంది, డాక్యుమెంట్‌గా పంపండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు