కట్టెబొగ్గు సంచి మీద ముద్రించిన తప్పుడు వివరాలపై ఫిర్యాదు

వినియోగదారుల సేవా విభాగం అధికారి గారికి,

విషయం: మీ కట్టెబొగ్గు సంచి మీది రసాయనిక వివరాలను, వాడకపు సూచనలను వెంటనే సరిదిద్దవలసిందిగా కోరుతూ.

ఆర్యా,

మీ సంస్థ తయారుచేసిన కట్టెబొగ్గు సంచిని ఇటీవల కొన్నాను. దాని ముందువైపు పెద్ద అక్షరాలతో "100 శాతం స్వచ్ఛమైన కార్బన్" అని, ఆ కిందనే "పొగ రాదు కనుక మూసిన గదిలోనూ నిశ్చింతగా వాడుకోవచ్చు" అని ముద్రించారు. మొదటి మాట శాస్త్రరీత్యా తప్పు. రెండో మాటను నమ్మినవారి ప్రాణాలకే ముప్పు. రసాయనశాస్త్రం బోధించే వ్యక్తిగా ఈ రెండింటినీ చూసి ఊరుకోలేక ఈ లేఖ రాస్తున్నాను.

ఎండిన కట్టెలో బరువు ప్రకారం కార్బన్ దాదాపు సగమే ఉంటుంది. మిగిలినది ఎక్కువగా ఆక్సిజన్, కొంత హైడ్రోజన్. గాలి సరిగా అందకుండా కట్టెను కాల్చినప్పుడు కట్టెకు నిర్మాణ పదార్థాలైన సెల్యులోజ్, హెమీసెల్యులోజ్, లిగ్నిన్ విచ్ఛిన్నమై, నీటి ఆవిరి, తారు, ఎసిటిక్ ఆమ్లం, మిథనాల్, మండే వాయువులు బయటికి పోగా మిగిలే నల్లని పదార్థమే బొగ్గు. అయితే అవన్నీ పూర్తిగా పోవు. ఎంత పోతాయన్నది బట్టీలోని వేడిని బట్టి ఉంటుంది: సుమారు 300 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆపేస్తే స్థిర కార్బన్ (వేడికి ఆవిరైపోకుండా ఘనరూపంలో నిలిచే కార్బన్) 68 శాతం దగ్గరే నిలిచిపోతుంది, 500 డిగ్రీలకు తీసుకెళితే 86 శాతం దాకా చేరుతుంది, 700 డిగ్రీల దగ్గర కూడా 92 శాతం మించడం కష్టం. తక్కినదంతా కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్ కలిసి ఉండి వేడికి ఆవిరైపోయే బాష్పశీల పదార్థాలు, వాటితోపాటు బూడిదగా మిగిలే కాల్షియం, పొటాషియం, మెగ్నీషియం లవణాలు. దీనికి తోడు, బట్టీ నుంచి తీసిన బొగ్గు గాలిలోని తేమనూ పీల్చుకుంటుంది. కనుక నూటికి నూరుపాళ్ల కార్బన్ ఉన్న కట్టెబొగ్గు ఏ బట్టీలోనూ తయారు కాదు.

మీ సంచిలోని బొగ్గే ఇందుకు సాక్ష్యం. బాగా కాలిన బొగ్గు ముక్కను విరిస్తే లోపల నల్లగా నిగనిగలాడుతుంది, గట్టి నేల మీద పడేస్తే ఖంగుమంటుంది. ఈ సంచిలోని చాలా ముక్కలు లోపల గోధుమరంగులో ఉన్నాయి. ఆరుబయట వెలిగించి చూస్తే చాలాసేపు పసుపు మంట, ఘాటైన పొగ వచ్చాయి. అంటే బాష్పశీల పదార్థాలు పోకముందే బట్టీని ఆర్పేశారన్నమాట. మండాక మిగిలిన బూడిద కూడా కళ్ల ముందే ఉంది. శుద్ధ కార్బన్ పూర్తిగా మండితే బూడిద ఎక్కడి నుంచి వస్తుంది?

నాణ్యత విషయంలో కొంత ఓపిక పట్టగలను గానీ, మూసిన గదిలో వాడవచ్చన్న సూచనను క్షమించలేను. బొగ్గు ఎంత మేలైనదైతే దాని ప్రమాదం అంతగా కంటికి కనబడదు. ఎర్రగా కణకణలాడే నిప్పుల అడుగున ఆక్సిజన్‌తో కలిసి ఏర్పడిన కార్బన్ డయాక్సైడ్, పైనున్న వేడి బొగ్గు గుండా పోతూ మళ్లీ కార్బన్‌తో చర్య జరిపి కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుగా మారుతుంది. నిప్పుల మీద ఆడే సన్నని నీలి మంట ఆ వాయువు మండుతున్నదే. మంట అంటుకోని చోట అది మండకుండానే గదిలోకి చేరుతుంది, తలుపులు మూసి ఉంటే అక్కడే పోగుపడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా బలంగా అది రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హీమోగ్లోబిన్‌ను పట్టుకుంటుంది కనుక, రక్తం ప్రవహిస్తూనే ఉన్నా మెదడుకు, గుండెకు తగినంత ఆక్సిజన్ అందదు. తలనొప్పి, వికారం, మగత మొదలైనా అది ఏదో అలసట అనుకుంటారు. నిద్రలో ఉన్నవారికి ఆ హెచ్చరిక కూడా తెలియదు. పొగ లేకపోవడాన్ని భద్రతకు గుర్తుగా చూపడం అంటే, మనిషిని లేపి బయటికి పంపగల ఒకే ఒక్క సంకేతం లేని చోట నిశ్చింతగా పడుకోమని చెప్పడమే.

సంచి వెనక, ఈ బొగ్గును పొడిచేసి తాగునీటిని శుద్ధి చేసుకోవచ్చని కూడా రాశారు. నీటి శుద్ధికి వాడేది ఆవిరితోనో రసాయనాలతోనో ప్రత్యేకంగా ఉత్తేజితం చేసిన బొగ్గు. ఒక్క గ్రాములోనే వందల చదరపు మీటర్ల ఉపరితలం ఉండేలా దాని సూక్ష్మరంధ్రాలను తెరుస్తారు. వంటకు, వేడికి అమ్మే మామూలు బొగ్గుకు ఆ గుణం రాదు. పైగా సగం కాలిన ముక్కల్లోని తారు నీటిలోకి దిగే అవకాశం ఉంది. ఉత్తేజిత బొగ్గును సైతం సూక్ష్మక్రిములను చంపే సాధనంగా నమ్ముకోకూడదు.

కాబట్టి ఈ సంచులను అంగళ్ల నుంచి వెనక్కి తెప్పించి, ఇప్పటికే కొన్నవారికి ప్రమాదం గురించి బహిరంగ ప్రకటన ఇవ్వండి. కొత్త సంచుల మీద స్థిర కార్బన్, బాష్పశీల పదార్థాలు, బూడిద, తేమ శాతాలను పరీక్షించి ముద్రించండి. కిటికీ తెరిచి ఉన్నా ఇంటి లోపల, గుడారంలో, వాహనంలో ఈ బొగ్గును వెలిగించరాదన్న హెచ్చరిక ముందువైపే, తెలుగులో, సంస్థ పేరుకు తగ్గని పరిమాణంలో ఉండాలి. నా డబ్బు వాపసు సంగతి ఆ తర్వాత చూడవచ్చు. మీరు తీసుకున్న చర్యలను లిఖితపూర్వకంగా తెలియజేయండి. స్పందన రాకపోతే వినియోగదారుల వివాదాల పరిష్కార కమిషన్‌ను ఆశ్రయిస్తాను. ఆధారంగా సంచిని, మిగిలిన బొగ్గును భద్రపరిచాను.

ఇట్లు,
మీ వినియోగదారు