జులైలో మేం అమ్మిన టమాటా మొక్కల గురించి

మిద్దె తోట మిత్రులకు నమస్కారం.

జులైలో మా నర్సరీలో టమాటా మొక్కలు కొన్నవాళ్ల నుంచి వరసగా ఫోన్లు వచ్చాయి. అందరిదీ ఒకటే మాట: "నిన్నటిదాకా పచ్చగా ఉందండీ, ఇవాళ మధ్యాహ్నానికి తల వాల్చేసింది." మొదట ఫోన్ చేసిన నలుగురైదుగురికి "నీళ్లు ఎక్కువయ్యాయేమో, రెండు రోజులు ఆపండి" అన్నాను. అది తప్పుడు సలహా. లోపం మేమిచ్చిన మట్టిలోనే ఉంది.

షెడ్డులో మిగిలిన మొక్కలూ వాలిపోయాక గానీ నాకు అనుమానం రాలేదు. ఒకదాని కాండం మొదట్లో కోసి, గాజుగ్లాసులో నీళ్లు పోసి, కోసిన కొన మునిగేలా పట్టుకున్నాను. రెండు మూడు నిమిషాల్లో పాలలాంటి తెల్లటి దారం కిందికి జారింది. బాక్టీరియా ఎండు తెగులు! ఈ తెగులొస్తే ఆకు పండదు, మచ్చలు పడవు, పచ్చగా ఉండగానే వాడిపోతుంది. సాయంత్రానికి తేరుకున్నట్టే కనిపించి మనల్ని మోసం చేస్తుంది. మట్టిలోంచి వేరు గాయాల ద్వారా లోపలికెళ్లి, నీళ్లు పైకెక్కే దారినే మూసేస్తుంది కాబట్టి వేపనూనె కొట్టినా ఇంకేం కొట్టినా లాభం లేదు. వేడీ తడీ కలిస్తే దానికి పండగే. మన కాకినాడలో వానాకాలం సంగతి మీకు తెలుసు కదా.

మామూలుగా వాడే ఎర్రమట్టి దొరక్క ఈసారి ఒక లారీ పొలం మట్టి తోలించుకున్నాం. అంతకుముందు అందులో ఏం పండించారో అడగలేదు. తర్వాత వాకబు చేస్తే వంగతోటట. వంగ, టమాటా, మిరప ఒకే కుటుంబం, ఒకదాని జబ్బు ఇంకోదానికి అంటుకుంటుంది. ఇన్నేళ్ల నుంచి ఈ పనిలో ఉండి ఆ ఒక్క ప్రశ్న అడగకపోవడం నా తప్పే.

అసలు జులైలో టమాటా అమ్మడమే ఇంకో తప్పు. 2023లో కిలో వంద దాటినప్పటి నుంచి, ధర కాస్త పెరిగితే చాలు అందరూ మొక్కలు అడుగుతున్నారు, లేవనడానికి నాకూ మనసొప్పలేదు. "మదనపల్లెలో కాయట్లేదా?" అంటారు. మదనపల్లె సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తులో ఉంది, రాత్రిళ్లు చల్లబడుతుంది. రాత్రి ఉక్కపోస్తే టమాటా పూత రాలిపోతుంది. గాలిలో తేమ ఎక్కువైతే పుప్పొడి ముద్దకట్టి సరిగ్గా రాలదు. మొక్క బతికినా కాయలు అంతంతమాత్రమే.

చచ్చిన మొక్క ఫోటో చూపిస్తే చాలు, బిల్లు లేకపోయినా డబ్బు వెనక్కిస్తాం. దయచేసి ఆ మొక్కను కంపోస్టు డబ్బాలో వేయకండి. ఆ కుండీ మట్టిలో మళ్లీ టమాటా, వంగ, మిరప వద్దు, బెండో గోంగూరో వేసుకోండి. కత్తెరను స్పిరిట్‌తో తుడవండి.

ఇక నుంచి అక్టోబరుకు ముందు టమాటా అమ్మం. ఇప్పుడు ట్రేలలో, మట్టి లేకుండా కోకోపీట్‌లో (కొబ్బరి పీచు పొట్టులో), తెల్లదోమ దూరకుండా సన్నటి వల కింద అర్క రక్షక్ నారు పోస్తున్నాం. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ తయారుచేసిన హైబ్రిడ్ అది, ఈ ఎండు తెగులునూ ఆకుముడత వైరస్‌నూ తట్టుకుంటుంది. తట్టుకుంటుందన్నానే గానీ అసలు రాదనలేదు. హైబ్రిడ్ కాబట్టి దాని కాయల గింజలు దాచి వేస్తే అవే లక్షణాలు రావు.

తెగులును తట్టుకునే వంగ వేరు మీద టమాటా అంటు కూడా కడుతున్నాను. వేలు రెండుసార్లు తెగింది, సగం అంట్లు చచ్చాయి, నలభై నిలిచాయి. ఒక్కోటి 70 రూపాయలు, ఇంటికి రెండే ఇస్తాను. ఒక్క జాగ్రత్త: టమాటాను లోతుగా నాటాలని మేమే చెబుతుంటాం కదా, వీటికి అలా చేయకండి. అతుకు మట్టిలో మునిగితే పైనున్న టమాటా సొంతంగా వేర్లు దించేసుకుంటుంది, అంటు కట్టిన శ్రమంతా వృథా.

ఎనిమిది మొక్కల్లో ఆరు పోగొట్టుకున్న మాస్టారు ఒకరు నిన్న వచ్చారు. డబ్బు తీసుకోలేదు. "అంట్ల లిస్టులో నా పేరు ముందు రాయమ్మా" అన్నారు. రాశాను. మిగతావాళ్లు కౌంటర్ దగ్గరున్న పుస్తకంలో రాసి వెళ్లండి.