గిటార్ కొనేముందు ఒక్క మాట, బుజ్జీ

బుజ్జీ,

నిన్న ఫోన్‌లో "నాన్నా, ఎలక్ట్రిక్ కొననా, అకౌస్టిక్ కొననా" అని అడిగావు, నేను నోరు తెరిచేలోపే మీ అమ్మ ఫోన్ తీసుకుని తిన్నావా లేదా అని మొదలుపెట్టింది. అందుకే రాస్తున్నాను.

ముందు కరెంటు అక్కర్లేని అకౌస్టిక్ మీద వేళ్లు గట్టిపడాలి, ఆ తర్వాతే ఎలక్ట్రిక్ అని మీ ఫ్రెండ్స్ అంటున్నారన్నావు. ఆ మాట నేను ఒప్పుకోను. డిగ్రీలో ఉండగా బెజవాడలోనే చవగ్గా ఒక అకౌస్టిక్ కొన్నాను. దాని తీగలు ఎంత ఎత్తులో ఉండేవంటే, ఎఫ్ కార్డ్ (కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మోగించేది) కోసం చూపుడువేలు అడ్డంగా పెట్టి ఎంత నొక్కినా రెండు తీగలు పలికేవి, మిగతావి టక్కుమని ఆగిపోయేవి. మూడు నెలలు వేళ్లు కందిపోయేలా నొక్కి, నాకు సంగీతం రాదని తేల్చుకుని అటకెక్కించేశాను. చాలా ఏళ్లకు గిటార్ తెలిసిన ఒకాయన బ్రిడ్జి మీద తీగలు ఆనే శాడిల్ అనే పట్టీని కాస్త అరగదీసి, మెడలోని రాడ్ సరిచేసి, తీగలు కిందికి దించి ఇస్తే, అదే గిటార్ మీద, ఇదే వేలితో ఎఫ్ మోగింది. ఆ రోజు నాకు సంతోషం కన్నా బాధే ఎక్కువ కలిగింది తల్లీ. కాబట్టి ఏది కొన్నా సరే, కొన్నరోజే తీగల ఎత్తు సరిచేయించుకో.

ఇక తేడా అంటావా, ఎలక్ట్రిక్‌కి అన్నిటికన్నా సన్నదైన మొదటి తీగ మామూలుగా 0.009 లేదా 0.010 అంగుళం మందం ఉంటుంది, అకౌస్టిక్‌కి ఎక్కువగా 0.012 వేస్తారు, నొక్కేటప్పుడు ఆ కొంచెమే వేళ్లకి బాగా తెలుస్తుంది. కానీ ఎలక్ట్రిక్‌కి శబ్దం పెంచే ఆంప్, దానికి కలిపే కేబుల్ ఖర్చు కూడా కలుపుకోవాలి. హాస్టల్లో రూమ్మేట్స్ నిద్ర చెడకుండా హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వాయించుకోవచ్చు, నీకు అది పెద్ద సౌకర్యం. అకౌస్టిక్ అయితే ఏ సరంజామా అక్కర్లేదు, మన మేడ మీద కూర్చుని పదిమందితో పాడుకోవడానికి దాన్ని మించింది లేదు.

కరెంటు వాయిద్యం సులువు దారి అని ఎవరైనా అంటే మన పాలకొల్లు మాండలిన్ శ్రీనివాస్ గారిని తలుచుకో. మామూలు మాండలిన్‌లో స్వరం మీటగానే సన్నగిల్లిపోతుంది, స్వరాన్ని ఊపుతూ గమకం పలకాలంటే అది నిలవాలి. ఆయన ఐదు తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కర్ణాటక సంగీతం వాయించారు. తనకు కావలసిన నాదం ఎందులో ఉందో అదే పట్టుకున్నారు.

నీకు కావలసింది ఏదో నాకు తెలుసనుకుంటున్నాను. చిన్నప్పటినుంచీ పాట మాటలు నీకు గుర్తుండవు, చరణానికి ముందొచ్చే గిటార్ బిట్ మాత్రం ఒక్క స్వరం తప్పకుండా నోటితో వాయించేదానివి. ఆ బిట్స్ కోసమే అయితే ఎలక్ట్రిక్ కొనుక్కో, ఎవరినీ అడగొద్దు.

దసరాకి వచ్చేటప్పుడు తెచ్చుకో. బస్సు డిక్కీలో వేయనివ్వకు, నీ దగ్గరే పెట్టుకో. ఆంప్ మోసుకురావద్దు, ఇక్కడ చిన్నది ఒకటి నేను చూసి ఉంచుతాను.

నాన్న